కథ ఒకటే, ఖైదీలు ఇద్దరు

ప్రశ్న: జైలు నుంచి విడుదలైన వ్యక్తి ఒక కుర్రవాడు, ఒక అమ్మాయితో కలిసి కారులో ఇల్లు చేరే ‘ద యెల్లో హ్యాండ్‌కర్చీఫ్’ (2008) చూశాను. బాగా నచ్చింది. అది జపాన్ సినిమాకు రీమేక్ అని తర్వాత తెలిసింది. ముగింపు తెలిశాక పాతది చూడటం దండగేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: దండగ కాదమ్మా. ఈ కథలో ముగింపు మొదటి నుంచీ రహస్యమేమీ కాదు. నాకోసం ఇంకా ఎదురుచూస్తూ ఉంటే పసుపు రుమాలు కట్టు అని భార్యకు రాసిన మనిషి ప్రయాణమిది. రుమాలు కనిపిస్తుందో లేదో ఎవరైనా ఊహించగలరు. ఇల్లు దగ్గరపడే కొద్దీ అతను ‘వెనక్కి తిప్పండి’ అనడంలోనే ఉంది అసలు నాటకం.

యోజి యమదా 1977లో తీసిన మాతృకలో కథానాయకుడు గని కార్మికుడు యూసాకు. హొక్కైడో దీవిలోని అబాషిరి జైలు నుంచి బొగ్గు గనుల ఊరు యూబారికి బయలుదేరతాడు. ఆ పాత్ర వేసిన కెన్ తకాకురా అంతకు ముందు అబాషిరి జైలు పేరుతో 1965లో మొదలైన నేరచిత్రాల వరుసతోనే పెద్ద స్టార్ అయ్యాడు. అందుకే అతను ఆ జైలు నుంచి బయటికి వస్తుంటే జపాన్ ప్రేక్షకుడికి పరిచయ వాక్యాలు అక్కర్లేదు. హోటల్లో కూర్చుని బీరు గ్లాసును రెండు చేతులా పట్టుకుని తాగే తీరు చూడండి. జైలు గురించి అంతకు మించి ఏ సంభాషణా చెప్పలేదు. తొలి జపాన్ అకాడమీ పురస్కారాల్లో ఉత్తమ చిత్రం ఇదే.

రీమేక్‌లో ఆ పాత్ర వేసిన విలియం హర్ట్ గొప్ప నటుడే, కానీ అతని వెనక అలాంటి జైలు లేదు. ఆ లోటును దర్శకుడు ఉదయన్ ప్రసాద్ ప్రాంతంతో పూడ్చాడు: 2005 నాటి కత్రినా తుపాను దెబ్బ తిన్న అమెరికా రాష్ట్రం లూసియానా. అక్కడ మనిషికే కాదు, నేలకూ మళ్లీ మొదలుపెట్టక తప్పని పరిస్థితి. ఆ ఆలోచనకు నా ఓటు. కుర్రజంట విషయంలోనూ నేను రీమేక్ వైపే. జపాన్ కుర్రవాడి కోతిచేష్టలు మొదటి గంటలో నా ఓపికను పరీక్షించాయి. ఎడ్డీ రెడ్‌మెయిన్ వింత కుర్రవాడిలో మాత్రం ఒంటరితనం కనిపిస్తుంది.

అన్నట్టు, కథ పుట్టింది జపాన్‌లో కూడా కాదు. న్యూయార్క్ పాత్రికేయుడు పీట్ హామిల్ 1971లో రాసిన ఒక కాలమ్ దీనికి మూలం. అంటే హాలీవుడ్ తన సరుకునే జపాన్ నుంచి తిరిగి తెచ్చుకుంది! పాతది చూసేటప్పుడు పోలీసు స్టేషన్ సన్నివేశాన్ని వదలకండి. అందులో అధికారిగా వచ్చే కియోషి అత్సుమి యమదాకు ఆస్థాన హాస్యనటుడు. ఇక్కడ మాత్రం నవ్వించడానికి రాలేదు.