చేతిపని బట్టలు అమ్మే బ్రాండ్ ‘ఎథికల్’ అంటే నమ్మేదెలా?

చేతితో నేసి, రంగులద్ది, కుట్టిన బట్టలు అమ్మే ప్రతి బ్రాండూ ‘సస్టైనబుల్’ (పర్యావరణానికి హాని చేయనిది), ‘ఎథికల్’ (పనివాళ్లకు అన్యాయం చేయనిది) అనే అంటోంది, ఏది నిజమో ఎలా తెలుస్తుందని అడిగారు. అలాంటి ఒక చిన్న బ్రాండ్‌లో కొన్నేళ్లు ఆర్డర్లు చూసేదాన్ని. నేతవాళ్లతో, అద్దకం వాళ్లతో మాట్లాడటం, డబ్బులు పంపించడం నా పని. నన్నడిగితే బట్ట కన్నా ముందు ఆర్డర్ షరతుల గురించి అడగండి. అడ్వాన్స్ ఎంత ఇస్తారు? ఆర్డర్ మధ్యలో ఆగిపోతే నష్టం ఎవరిది?

నూలు, రంగులు కొనడానికి పని మొదలుకాకముందే డబ్బు కావాలి. బ్రాండ్ ఇవ్వకపోతే పనివాళ్లు అప్పు తెస్తారు. పేమెంట్ ఎంత ఆలస్యమైతే కూలిలో అంత వడ్డీకి పోతుంది. ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ సంస్థ నియమాల ప్రకారం హస్తకళల ఆర్డర్లకు, చేసేవాళ్లు అడిగితే, కనీసం 50 శాతం వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి. వాళ్ల తప్పు లేకుండా ఆర్డర్ రద్దయితే అప్పటిదాకా చేసిన పనికి పరిహారం కట్టాలి. మా దగ్గర అడ్వాన్స్ బాగానే ఇచ్చేవారు. కానీ షేడ్ కాస్త తేడా వస్తే చాలు, పీసులు వెనక్కి పంపేవారు. వెబ్‌సైట్‌లో మాత్రం ‘చిన్న చిన్న తేడాలే చేతిపనికి అందం’ అని ఉండేది!

కూలి సంగతి ఇంకా చిక్కు. లెక్క మీటరుకింత అని ఉంటుంది, డబ్బు నేసినవాళ్ల చేతికి వస్తుంది. మగ్గం ఎక్కేముందు కండెలకు నూలు చుట్టాలి, పడుగు (నిలువు పోగులు) సిద్ధం చేయాలి, అచ్చు అతకాలి, అంటే కొత్త పడుగు పోగులను మగ్గం మీదున్న పాత పోగులకు ఒక్కొక్కటిగా కలపాలి. చాలాచోట్ల ఇది ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు చేసే పని, మీటరు లెక్కలో వాళ్ల గంటలు ఎక్కడా కనిపించవు. ఒకసారి ఒక నేతగారితో కూర్చుని పని గంటలు రాస్తుంటే, “మా ఆవిడ పని కూడా రాస్తారా అమ్మా?” అని ఆశ్చర్యపోయారు. ‘లిమిటెడ్ ఎడిషన్’ పేరుతో నాలుగు మీటర్లకే ఆర్డర్ ఇచ్చే బ్రాండ్లను అందుకే నేను అనుమానంగా చూస్తాను. నాలుగు మీటర్లు నేసినా నలభై నేసినా అచ్చు అతికే శ్రమ ఒకటే కదా. దానికి విడిగా డబ్బులిస్తున్నారా అన్నది అడగాలి.

ఇక సహజ రంగులంటే హాని ఉండదనుకోకండి. మొక్కల రంగుల్లో చాలావాటికి బట్టను పట్టుకోవాలంటే ఏదో ఒక లోహ లవణం కావాలి. పటికతో పెద్ద ఇబ్బంది లేదు. రాగి, క్రోమియం లవణాలు వాడి ఆ నీళ్లు అలాగే కాలువలోకి వదిలితే మాత్రం ప్రమాదమే. నీలిమందుకు (ఇండిగో) ఈ లవణం అవసరం లేదు గానీ దాన్ని నీటిలో కరిగే రూపంలోకి తేవాలి. పులియబెట్టి తేవచ్చు, సోడియం హైడ్రోసల్ఫైట్ అనే రసాయనం కలిపి తొందరగానూ తేవచ్చు. రెండిటినీ ‘నేచురల్ ఇండిగో’ అనే అమ్ముతారు. రసాయన రంగు వాడినా వాడిన నీటిని సరిగ్గా శుద్ధి చేసేవాళ్లు, క్రోమియం నీళ్లు కాలువలోకి వదిలే ‘సహజ’ వాళ్లకన్నా నాకు నయమనిపిస్తారు.

లేబుళ్ల విషయానికొస్తే, ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 ఆ బట్టలో హానికర రసాయనాలు ఉన్నాయో లేదో పరీక్షిస్తుంది, కూలి గురించి ఏమీ చెప్పదు. గాట్స్ (GOTS) అనే ఆర్గానిక్ బట్టల లేబుల్‌కు కనీసం 70 శాతం ఆర్గానిక్ నూలు ఉండాలి, పనివాళ్ల పరిస్థితులకూ నియమాలున్నాయి. అయితే ఈ సర్టిఫికెట్లకు ఖర్చుంటుంది, ఇళ్లలో పనిచేసే చిన్న బృందాలకు అది భారం. లేబుల్ లేదని మోసమనుకోవద్దు.

నవ్వుతున్న చేతివృత్తివాళ్ల ఫోటో చూసి మాత్రం ఏదీ తేల్చుకోకండి, అలాంటివి మేమూ బోలెడు తీయించాం. పై ప్రశ్నలు మెయిల్‌లో పెట్టండి. అలాంటి మెయిల్ వస్తే నేను అకౌంట్స్ వాళ్లను పట్టుకుని లెక్కలు తీయించాల్సి వచ్చేది, కాబట్టి జవాబు కాస్త ఆలస్యమైనా కంగారుపడొద్దు. అడ్వాన్స్ ఎంత, పేమెంట్ ఎన్నాళ్లకు అన్నది అంకెల్లో వస్తే కొనండి. మళ్లీ ‘మా కళాకారులు మా కుటుంబం’ అనే వస్తే నేనైతే కొనను.