ప్రకాశ్ రాజ్‌కు బెంగళూరులో ఓట్లు ఎందుకు పడలేదు? అదే నియోజకవర్గపు తెలుగు ఓటరుగా నా సమాధానం

"అంత పేరున్న నటుడు, పుట్టి పెరిగిన ఊళ్లోనే పోటీ చేస్తే డిపాజిట్ కూడా ఎందుకు దక్కలేదు? బెంగళూరులో లక్షల మంది తెలుగువాళ్లు ఉన్నారు కదా, వాళ్లెవరూ వేయలేదా?" అన్నది మీ ప్రశ్న. 2019 ఎన్నికలప్పుడు నేను బెంగళూరు సెంట్రల్ ఓటర్ని, మహదేవపుర పరిధిలోని మారతహళ్లిలో ఉండేవాణ్ణి. ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. అప్పుడు నా ఓటు ఆయనకే వేశాను, అది దాచాల్సిన పని లేదు. అయినా ఆయన ఎందుకు ఓడిపోయారన్నది నేను కళ్లారా చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్కలు. బీజేపీ అభ్యర్థి పి.సి. మోహన్‌కు 6,02,853 ఓట్లు, కాంగ్రెస్ అభ్యర్థి రిజ్వాన్ అర్షద్‌కు 5,31,885, ఇండిపెండెంట్‌గా విజిల్ గుర్తు మీద నిలబడ్డ ప్రకాశ్ రాజ్ గారికి 28,906. లోక్‌సభకు కట్టిన 25 వేల డిపాజిట్ వెనక్కి రావాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు రావాలి. ఇక్కడ అది దాదాపు 2 లక్షలు. ఆయనకు వచ్చింది అందులో దాదాపు ఏడో వంతే.

ఇక తెలుగు ఓట్ల సంగతి. బయట ఊళ్లలో ఉండేవాళ్లకు తెలియంది ఇక్కడే ఉంది. మారతహళ్లి, కుందలహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు వస్తే మెస్‌లో, పీజీలో, టీ కొట్టు దగ్గర ఎక్కడ చూసినా తెలుగే వినిపిస్తుంది. కానీ ఆ గొంతుల్లో చాలామందికి ఇక్కడ ఓటే లేదు. ఆ ఏడాది ఏప్రిల్ 11న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు కలిపి పోలింగ్. బెంగళూరులో పోలింగ్ సరిగ్గా వారం తర్వాత, 18న. పదో తేదీ సాయంత్రం మారతహళ్లి బ్రిడ్జి దగ్గర బ్యాగులు తగిలించుకుని బస్సుల కోసం నిలబడ్డ కుర్రాళ్లను చూస్తే సంక్రాంతికి ఊరెళ్తున్నట్టే ఉంది. మా ఫ్లాట్‌లో ఉండేవాళ్లలో ఒకడు ఒంగోలు వెళ్లాడు, ఇంకొకడు అనంతపురం. జగన్ వస్తాడా, చంద్రబాబు వస్తాడా అని రాత్రంతా కొట్టుకునే వాళ్లకు తాము ఉంటున్న చోట ఎంపీ అభ్యర్థులెవరో కూడా సరిగ్గా తెలీదు. ఓటు ఇక్కడికి మార్చుకున్న నాలాంటి వాళ్లు కొద్దిమంది. వాళ్లలోనూ కొందరు 19న గుడ్‌ఫ్రైడే సెలవు కలిసొచ్చిందని టూర్లకు చెక్కేశారు.

తెలుగు మాట్లాడే పాత కుటుంబాలు వేరే ఉన్నాయి. మారతహళ్లి, వర్తూరు వైపు పాత ఊళ్లలో తరతరాలుగా ఉంటున్న రెడ్ల ఇళ్లలో కన్నడం కలిసిన తెలుగు ఉంటుంది, వినడానికి ఎంతో ఇంపుగా. కానీ వాళ్లు ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లం అనుకోరు, పక్కా స్థానికులు. పంచాయతీ రోజుల నుంచీ పార్టీల్లో పాతుకుపోయిన బంధువర్గం ఉంటుంది. తెలుగు సినిమా నటుడని వాళ్ల ఓటు ఎటూ కదలదు.

మరి ఓటు ఉన్న మామూలు మనిషి ఏమనుకున్నాడు? మా వీధి చివర మెస్ నడిపే నెల్లూరాయన్ని అడిగాను. పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్నారు, రేషన్ కార్డు, ఓటు అన్నీ ఇక్కడివే. "ఆయన మంచోడే తమ్ముడూ, ధైర్యంగా మాట్లాడతాడు. 'బొమ్మరిల్లు' నాన్న కదా, ఎవరికి తెలీదు! కానీ ట్యాంకర్ రాకపోతే నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఆయన మనిషి మన వీధిలో ఎవరున్నారు?" అన్నారు. చేతిలో గరిటె అలాగే ఉంది, సాంబారు వడ్డిస్తూనే చెప్పారు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు. ట్యాంకర్ నీళ్ల మీద బతికే ఈ చుట్టుపక్కల ఎవరైనా అడిగేది అదే.

పోలింగ్ రోజు అది ఇంకా బాగా అర్థమైంది. మా బూత్ ఉన్న స్కూలుకు కొంచెం దూరంలో రెండు పెద్ద పార్టీల బల్లలు ఉన్నాయి. ఓటరు జాబితాలు, స్లిప్పులు రాసిచ్చే కుర్రాళ్లు, ముసలివాళ్లను ఆటోలో తెచ్చి దింపేవాళ్లు, అంతా ఒక పద్ధతిలో నడుస్తోంది. విజిల్ గుర్తు తరఫున అక్కడ ఒక్కరూ కనబడలేదు. లోపల మిషన్ మీద గుర్తింపు ఉన్న పార్టీల పేర్లు ముందు, ఇండిపెండెంట్ల పేర్లు చివర్న ఉంటాయి. తెర మీద నిండుగా కనిపించే ఆ ముఖం అక్కడ చిన్న ఫొటో. నేను వేలితో ఒక్కో వరుస దాటుకుంటూ కిందికి వెళ్లి వెతుక్కున్నాను. అభిమానంతో వచ్చినవాళ్లు వెతుక్కుంటారు, మిగతావాళ్లు పైనే ఆగిపోతారు.

ఆయన రాజకీయాల్లోకి వచ్చిన తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే. బెంగళూరులోనే పుట్టి, ఇక్కడి నాటకాల్లోనే ఎదిగిన ప్రకాశ్ రైని తమిళ తెరకు తెచ్చి ప్రకాశ్ రాజ్ అని పేరు పెట్టింది బాలచందర్ గారు. తర్వాత మనకు ఎంత దగ్గరయ్యారో చెప్పక్కర్లేదు. 'కాంచీవరం' సినిమాకు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు కూడా వచ్చింది. అన్నీ ఉన్న మనిషి. 2017 సెప్టెంబరు 5న పాత స్నేహితురాలు, జర్నలిస్టు గౌరీ లంకేశ్‌ను ఇదే ఊళ్లో, రాజరాజేశ్వరి నగర్‌లో, ఇంటి ముందే కాల్చి చంపారు. ఆ తర్వాతే ఆయన 'జస్ట్ ఆస్కింగ్' అంటూ ప్రభుత్వాన్ని బహిరంగంగా నిలదీయడం మొదలుపెట్టారు. 2019 కొత్త సంవత్సరం రోజున పోటీ చేస్తానని ప్రకటించారు. ఆమ్ ఆద్మీ పార్టీ మద్దతిచ్చినా, నిలబడింది మాత్రం ఇండిపెండెంట్‌గానే. మన సినిమా వాళ్లు సాధారణంగా గాలి ఎటు వీస్తుందో చూసుకుని దిగుతారు. ఈయన ఎదురుగాలికి దిగారు.

ఆ గాలి ఎంత బలంగా ఉందంటే, కర్ణాటకలో 28 సీట్లకు 25 బీజేపీ ఒక్కటే గెలుచుకుంది. ప్రకటన నుంచి పోలింగ్‌కు నాలుగు నెలలు కూడా లేవు. ఎనిమిది అసెంబ్లీ స్థానాల నియోజకవర్గం ఇది. ఒకవైపు శివాజీనగర్, చామరాజపేట, ఇంకోవైపు రాజాజీనగర్, మరోవైపు మా మహదేవపుర. ఒక చోట పనికొచ్చిన మాట ఇంకో చోట పనికిరాదు. కేడర్ లేకుండా నాలుగు నెలల్లో ఇన్ని రకాల జనాన్ని కలవడం ఎవరి వల్లా కాదు.

"మరి సుమలత ఇండిపెండెంట్‌గానే గెలిచారు కదా" అంటారు. అదే రోజు, అదే రాష్ట్రంలో, మండ్యలో ముఖ్యమంత్రి కొడుకు నిఖిల్ కుమారస్వామి మీద 1,25,876 ఓట్ల మెజారిటీతో గెలిచారు, నిజమే. కానీ అక్కడ బీజేపీ అభ్యర్థిని పెట్టకుండా ఆమెకు మద్దతిచ్చింది. మండ్య అంటే ఆమె భర్త, కన్నడ నటుడు అంబరీష్ గారి సొంత గడ్డ, ఆయన పోయి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. ఊరూరా ఆయన మనుషులు ఉన్నారు. మా మెస్ ఆయన అడిగిన ప్రశ్నకు మండ్యలో జవాబు ఉంది, బెంగళూరు సెంట్రల్‌లో లేదు.

ప్రకాశ్ రాజ్ ఓట్లు చీల్చడం వల్లే బెంగళూరు సెంట్రల్‌లో కాంగ్రెస్ ఓడిందని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. అది అన్యాయమైన మాట. మోహన్ మెజారిటీ 70,968. ప్రకాశ్ రాజ్‌కు వచ్చిన ఓట్లన్నీ ఒక్కటి కూడా పోకుండా కాంగ్రెస్‌కు కలిపినా ఇంకా 42 వేలు తక్కువే.

నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి మాత్రం ఓట్లది కాదు. ప్రచారం రోజుల్లో మా ఆఫీసులో కన్నడ మిత్రులు కొందరు "ఆయన మీ తెలుగు, తమిళ నటుడు కదా" అనేవాళ్లు. ఇక్కడ పుట్టిన మనిషి గురించి! రెండేళ్ల తర్వాత, 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో తెలుగు సినిమా నటీనటుల సంఘం 'మా' అధ్యక్ష ఎన్నికల్లో మంచు విష్ణు మీద నిలబడితే, అక్కడ మనవాళ్లు నాన్‌లోకల్ అన్నారు. కొండారెడ్డిపల్లి అనే తెలంగాణ పల్లెను దత్తత తీసుకున్న మనిషిని అలా అనడం నాకు అస్సలు నచ్చలేదు. అక్కడా ఓడిపోయి, సంఘం సభ్యత్వానికి రాజీనామా చేశారు.

మళ్లీ పోటీ చేస్తే గెలుస్తారా అంటే, 2019లో ఓడిన పవన్ కల్యాణ్ గారిని చూడండి. భీమవరం, గాజువాక రెండూ పోయాయి. 2024లో పిఠాపురం గెలిచారు, పోటీ చేసిన 21 అసెంబ్లీ సీట్లూ జనసేన గెలిచింది. మధ్యలో ఐదేళ్లు పార్టీని వదల్లేదు, పొత్తు కుదుర్చుకున్నారు. ప్రకాశ్ రాజ్ గారు ఆ పని చేయలేదు, 2024లో పోటీకే దిగలేదు. ఈ ఊళ్లో నిజంగా వేళ్లూనాలంటే వార్డుల నుంచి మొదలవ్వాలి. నలుగురు మనుషుల్ని కార్పొరేటర్లుగా నిలబెట్టి, నీళ్లు, చెత్త, ఖాతా (ఇంటి ఆస్తి రికార్డు) పనుల దగ్గర జనానికి దొరకాలి. కానీ 2020 సెప్టెంబరులో పాత పాలకమండలి గడువు ముగిశాక ఇక్కడ ఏళ్ల తరబడి కార్పొరేషన్ ఎన్నికలే పెట్టలేదు. ఇండిపెండెంట్లకైనా చిన్న పార్టీలకైనా పైకెక్కడానికి ఉన్న మొదటి మెట్టు అదే. అది లేనంతవరకు ఆయనే కాదు, ఎంత పేరున్న వాళ్లు దిగినా ఇక్కడ ఇలాంటి ఫలితమే వస్తుందని నా అభిప్రాయం.