నాయనమ్మ దగ్గరికి వెళ్తున్నావట

బంగారం,

ఉద్యోగం ఇంటి నుంచే చేసుకుంటూ తణుకులో మీ నాయనమ్మ దగ్గర ఉంటానన్నావట. మీ అమ్మ చెప్పగానే మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మందులు వేళకి వేయించడం, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించడం నీకు తెలిసినవే. నా భయమంతా కంచం దగ్గరే.

అంగన్‌వాడీలో ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లల్ని తూచాను. చార్టులో గీత కిందికి దిగితే వాళ్ళ తల్లిని కేకలేసేదాన్ని. నా కన్నతల్లిని ఒక్కసారీ తూచలేదు. మీ అమ్మమ్మ ఊళ్ళో ఒంటరిగా ఉండేది. బియ్యం, కందిపప్పు, నూనె పంపేసి బాధ్యత తీరిందనుకునేదాన్ని. ఎప్పుడడిగినా "తిన్నానే, ఒక్క ప్రాణానికి ఎంత కావాలి" అనేది. శనివారం ఒంటిపూట, ఏకాదశి ఉపవాసం సరేసరి. మిగతా రోజుల్లో కూడా తినట్లేదని ఎవరికి తెలుస్తుంది? దసరాకి వెళ్తే జాకెట్టు వదులై భుజం దగ్గర పిన్నీసు పెట్టుకుని ఉంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. "వయసు మీద పడిందిలే" అన్నాను. కొత్త జాకెట్టు కుట్టించి ఇచ్చి వచ్చేశాను, నా తెలివి చూడు!

సంక్రాంతికి జ్వరమంటే పరిగెత్తాను. వంటింట్లో పప్పు డబ్బా తీస్తే నేను పంపిన పొట్లం కట్టిన దారంతో అలాగే ఉంది, నిండా పురుగు. చిగురు ఒరుసుకుంటోందని కట్టుడుపళ్ళు తీసి గూట్లో పెట్టేసింది. పొద్దున్న వండిన అన్నమే రాత్రికి మజ్జిగ పోసుకుని, ఊరగాయ రసం నాకడం. తూస్తే 36 కిలోలు. ఆ మంచం మీంచి ఆవిడ మళ్ళీ సరిగ్గా లేవలేదమ్మా.

అందుకే ముందు తూకం మిషన్ కొను. 50 కిలోల మనిషి 6 నెలల్లో రెండున్నర కిలోలు తగ్గితే వయసు అనకు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. వేసుకునే మందులన్నీ సంచిలో పట్టుకెళ్ళు, షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ లాంటివి కొందరికి ఆకలి చంపేస్తాయి. టైలరు టేపుతో పిక్క లావుగా ఉన్నచోట కొలువు, 31 సెంటీమీటర్లకి తగ్గితే కండ కరుగుతోందని అనుమానించాలి. పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజూ ఒక గ్రామైనా ప్రొటీన్ కావాలంటారు. గుడ్డులో ఉండేదే ఆరు గ్రాములు, మీ నాయనమ్మ అదీ ముట్టదు. ముద్దపప్పు, గట్టి పెరుగు, పాలు పోసిన రాగిజావ కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టు. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టర్ని అడిగాకే. బీపీ, షుగర్ అంటూ అన్నీ మాన్పించి చప్పిడి కూడు మాత్రం పెట్టకు, నాలుకకి రుచి తగ్గే వయసది.

నీ కంచం ఆవిడ కంచం పక్కనే పెట్టు. ల్యాప్‌టాప్ ముందు తిన్నావని తెలిస్తే నా చేతిలో అయిపోతావ్.

గుమ్మడి వడియాలు పంపుతున్నాను. ఆవిడకి వేయించి పెట్టకు, పులుసులో వేసి మెత్తబడనివ్వు. ఒకటో తారీఖున తూకం ఫొటో పంపు, ఇద్దరిదీ.

పెద్దమ్మ