కోచ్ ఉద్యోగం వస్తే స్థిరపడినట్లేనా?

ప్రశ్న: మాది కాకినాడ. కెనడాలోని సస్కటూన్‌లో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మావారు ఇక్కడే పుట్టి పెరిగినవారు, ఐస్ హాకీ గోల్‌కీపర్. జూనియర్ హాకీ తర్వాత ఈసీహెచ్‌ఎల్, ఏహెచ్‌ఎల్ అనే చిన్న లీగుల్లోనూ, ఆపైన ఐరోపాలోనూ ఊరూరా తిరిగి ఆడారు. అన్నిటికన్నా పెద్ద లీగైన ఎన్‌హెచ్‌ఎల్‌లో రెండు రాత్రులు బెంచి మీద కూర్చున్నారు గానీ ఆడే అవకాశం రాలేదు. పెళ్లయ్యాక మేము మారిన ఇళ్లకు లెక్కలేదు. తుంటికి శస్త్రచికిత్స అయ్యాక ఆట మానేశారు. అప్పటి నుంచి సరిగా నిద్రపోరు, టీవీలో మ్యాచ్ వస్తే లేచి వెళ్లిపోతారు, స్నేహితుల ఫోన్లు ఎత్తరు. ఇప్పుడు ఆస్ట్రియాలో ఒక క్లబ్బు గోల్‌కీపింగ్ కోచ్‌గా రమ్మంటోంది. ఏడాది ఒప్పందం, నెలాఖరులోగా జవాబు చెప్పాలి. "ఈ ఒక్క ఏడాది వెళ్దాం, కోచ్‌నయ్యాక స్థిరపడవచ్చు" అంటున్నారు. పాపకు సెప్టెంబరులో కిండర్‌గార్టెన్ మొదలవుతుంది. నేను రానంటే ఆయన ఆశను తుంచినదాన్నవుతానా? మా నాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా "అల్లుడికి ఉద్యోగం దొరికిందా అమ్మా" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియడం లేదు.
- ఒక సోదరి, సస్కటూన్

జవాబు: అమ్మా, "ఒక్క ఏడాది వెళితే తర్వాత స్థిరపడవచ్చు" అన్న మాట మీద మాత్రం మీ నిర్ణయం నిలబెట్టుకోవద్దు. మీవారు మిమ్మల్ని మభ్యపెడుతున్నారని నేను అనుకోవడం లేదు. ఆయన ఆ మాటను మనస్ఫూర్తిగా నమ్ముతూ ఉండవచ్చు. కానీ ఆ వృత్తి అలా నడవదు.

రాన్ లో అనే ఆయన జీవితం చూడండి. మీ పక్క రాష్ట్రం మానిటోబాలోని బర్టిల్ అనే చిన్న ఊరివారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో టొరంటో, వాషింగ్టన్, డెట్రాయిట్, క్యుబెక్, ఎడ్మంటన్, న్యూజెర్సీ జట్లకు గోలీగా, అంటే గోల్‌కీపర్‌గా ఆడారు. వాషింగ్టన్ జట్టు కొత్తగా పుట్టిన 1974-75 సీజన్‌లో 80 మ్యాచ్‌లకు 8 మాత్రమే గెలిచింది, 67 ఓడింది. ఆ ఎనిమిది విజయాలూ రాన్ లో ఖాతాలోవే. మిగతా ఇద్దరు గోలీలకు ఒక్క గెలుపూ దక్కలేదు. అంతటి ఓటమిని దగ్గర నుంచి చూసిన మనిషి తర్వాత ఎడ్మంటన్‌కు హెడ్ కోచ్ అయ్యారు. తమకంటే బలమైన డల్లాస్‌ను 1997లో, కొలరాడోను 1998లో ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే ఆయన జట్టు ఇంటికి పంపింది. ఆ తర్వాత ఏమైంది? 1999లో ఎడ్మంటన్ వదిలారు. మరుసటి సీజన్ హ్యూస్టన్‌లో. ఆ పై ఏడాది న్యూయార్క్ రేంజర్స్‌తో. 2002లో అదీ ముగిసింది. గెలిచి చూపించిన హెడ్ కోచ్ పరిస్థితే అది. ఏడాది ఒప్పందం మీద వెళ్లే గోల్‌కీపింగ్ కోచ్ సంగతి వేరే చెప్పాలా? హెడ్ కోచ్‌ను తీసేస్తే ఆయనతో వచ్చిన సహాయకులు కూడా సామాను సర్దుకోవలసి రావడం ఆ రంగంలో మామూలే.

అయితే ఆయన కోరుకుంటున్నది పిచ్చి కోరిక కాదు. గోలీ బతుకులో సగం చూడటమే. మ్యాచ్‌కు ఇద్దరు గోలీలు సిద్ధమైతే ఆడేది ఒక్కరు. రెండో మనిషి రాత్రి తర్వాత రాత్రి బెంచి మీద కూర్చుని, షాట్ ఎక్కడి నుంచి వస్తుందో, డిఫెన్స్ ఎక్కడ తెరుచుకుంటుందో గమనిస్తూ ఉంటాడు. తెలివైన మనిషి అలా కూర్చుని ఎంతో నేర్చుకుంటాడు. ఎమిల్ ఫ్రాన్సిస్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడింది 95 మ్యాచ్‌లే. మిగతా ఆటంతా చిన్న లీగుల్లోనే సాగింది. అటువంటి మనిషి తర్వాత న్యూయార్క్ రేంజర్స్‌ను 1960లు, 70లలో కోచ్‌గా, జనరల్ మేనేజర్‌గా నడిపి, 1982లో హాకీ దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. మీవారి విద్య బెంచి మీద కూర్చున్నంత మాత్రాన వృథా కాలేదు. ఈ మాట ఆయన మీ నోట వినడం అవసరం.

ఇప్పుడు నన్ను ఎక్కువ కలవరపెట్టిన విషయానికి వస్తాను. ఉత్తరంలో మీరు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. నిద్ర లేదు, మ్యాచ్ చూడలేరు, స్నేహితులతో మాట్లాడరు. దీన్ని ఉద్యోగం లేని దిగులుగా మాత్రమే చూడకండి. చిన్నప్పటి నుంచి తన పేరు ముందు గోలీ అనే మాట ఉన్న మనిషికి ఒక రోజు అది లేకుండా పోయింది. మోకాళ్లు లోపలికి వంచి మంచు మీద వాలే బటర్‌ఫ్లై పద్ధతి ఈ తరం గోలీల తుంటి కీళ్లను అరగదీస్తుంది. అంటే ఆయన తానై ఆపలేదు, ఒళ్లు ఆపించింది. చెప్పకుండా వచ్చిన ఆ ముగింపుకు దుఃఖం ఉంటుంది. గోలీగా ఆడి తర్వాత గోల్‌కీపింగ్ కోచ్‌గా పనిచేసిన క్లింట్ మలార్చుక్, 1989లో మెడకు తీవ్ర గాయమై బతికి బయటపడ్డారు. గాయం మానినా మనసుకు పట్టిన భయాలతో, దిగులుతో ఏళ్ల తరబడి పోరాడారు. కోచ్ ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కూడా అవి ఆయన్ని వదలలేదు. చికిత్స తీసుకున్నాకే కోలుకుని, ఆ సంగతి నలుగురికీ చెప్పారు. కొత్త ఉద్యోగం ఈ దుఃఖానికి మందు కాదని చెప్పడానికే ఆయన పేరెత్తాను.

అందుకని మొదట డాక్టరు. ఈ వారంలోనే. మీరు ఫార్మసిస్టు కదా, నిద్రలేమి, ఎవరినీ కలవకపోవడం, ఇష్టమైన దాని మీద విముఖత కలిసి వస్తే ఏమనుకోవాలో మీకు తెలియనిది కాదు. ఇంట్లో మనిషి విషయంలో మనకు తెలిసినదే మనం చూడలేం. బతకాలని లేదన్న మాట ఎప్పుడైనా ఆయన నోట వస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయకండి. కెనడాలో 988కి ఫోన్ చేస్తే రాత్రీ పగలూ మాట్లాడే మనుషులుంటారు. ఏహెచ్‌ఎల్, ఈసీహెచ్‌ఎల్ ఆటగాళ్ల సంఘమైన పీహెచ్‌పీఏ కూడా ఆట తర్వాతి జీవితానికి, చదువుకు సాయం చేసే కార్యక్రమాలు నడుపుతుంది. ఆయన పాత సభ్యుడిగా అడగవచ్చు.

ఇదే కారణంతో, ఆయన ఒంటరిగా ఆస్ట్రియా వెళ్లి మీరిద్దరూ ఇక్కడ ఉండే మార్గాన్ని ఈ ఏడాది నేను సమర్థించను. మామూలు రోజుల్లో అది మంచి ఏర్పాటే కావచ్చు. ఇప్పుడు కాదు.

ఇక మీ సంగతి. "ఆశను తుంచినదాన్నవుతానా" అని అడిగారు. కారు. కెనడాలో ఫార్మసిస్టు లైసెన్సు రాష్ట్రానికి రాష్ట్రానికి వేరు. రాష్ట్రం మారినప్పుడల్లా మీరు మళ్లీ దరఖాస్తు, ఫీజు, నిరీక్షణ అన్నీ భరించి ఉంటారు. ఆస్ట్రియాలో అయితే జర్మన్ భాష, మీ డిగ్రీకి గుర్తింపు, ఇవన్నీ ముందుంటాయి. ఏడాది ఒప్పందంలో అవి తేలవు. అంటే ఆయన కోచ్‌గా మొదటి మెట్టు ఎక్కుతుంటే మీరు మీ వృత్తిలో ఉన్న మెట్టు దిగుతారు. ఇన్నాళ్లూ ఈ ఖర్చు మీరు మాట్లాడకుండా కట్టారు, అందుకే ఆయనకు అది కనబడలేదు. ఈసారి లెక్క ఆయన ముందు పెట్టండి. కోపంగా కాదు, పాప నిద్రపోయాక అలసిపోయిన రాత్రి కూడా కాదు. సెలవు రోజు పగటిపూట, ఇద్దరే కూర్చుని.

ఆ మాటల్లో ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "నీకు బాగా గుర్తొస్తున్నది ఏది? డ్రెస్సింగ్ రూమా, నేర్పడమా?" ఈ రెండూ ఒకటి కావు. జట్టుతో బస్సులో తిరగడం, గెలిచాక ఆ గదిలో వినబడే కేకలు, తనదంటూ ఒక జెర్సీ, ఇవి లేక ఆయన కుంగిపోతుంటే క్లబ్బు ఏదైనా ఆ వెలితి కొంతకాలం తీరుస్తుంది. నేర్పడమే ఇష్టమైతే దానికి సముద్రం దాటనక్కరలేదు. గోల్‌కీపింగ్ కోచ్ పని చాలావరకు నిశ్శబ్దంగా జరిగేది. జట్టు సాధనకు ముందే ఇద్దరు గోలీలను మంచు మీదికి తీసుకెళ్లడం, ఒకే కదలికను ఓపికగా పదే పదే చేయించడం, వీడియో చూపించి తప్పు దిద్దడం, గోల్ పడ్డ కుర్రాడి భుజం తట్టడం. మీ రాష్ట్రం సస్కచెవాన్‌లోనే డబ్ల్యూహెచ్‌ఎల్ అనే జూనియర్ లీగు జట్లు ఐదున్నాయి: సస్కటూన్, రెజీనా, ప్రిన్స్ ఆల్బర్ట్, మూస్ జా, స్విఫ్ట్ కరెంట్. జూనియర్ స్థాయిలో ఈ పని తరచు పార్ట్‌టైమే, జీతం తక్కువ, నిజమే. దానికి వేసవి గోలీ శిబిరాలు, ఊళ్లోని పిల్లల జట్లు కలిస్తే ఒక దారి ఏర్పడుతుంది. హాకీ కెనడా శిక్షకుల కోర్సులు ఈ శీతాకాలంలోనే మొదలుపెట్టవచ్చు. ఇంట్లో మీ జీతం ఉంది కనుక ఒకటి రెండేళ్లు తక్కువ ఆదాయంతో నెట్టుకు రావడం మీకు సాధ్యమే అనుకుంటున్నాను.

ఇవన్నీ మాట్లాడుకున్నాక కూడా ఇద్దరికీ ఆస్ట్రియా వైపే మనసు మొగ్గితే వెళ్లండి. అప్పుడు ముగ్గురూ కలిసి, కొన్ని సంగతులు కాగితం మీద చూసుకున్నాకే వెళ్లండి. కుటుంబానికి ఇల్లు, ముగ్గురికీ ఆరోగ్య బీమా, తిరుగు ప్రయాణ ఖర్చు, పాప బడి, సీజన్ మధ్యలో హెడ్ కోచ్ మారితే ఈయన ఒప్పందం నిలుస్తుందా లేదా. మీ లైసెన్సు ఇక్కడ రద్దు కాకుండా ఏం చేయాలో మీ రాష్ట్రంలో ఫార్మసిస్టులకు లైసెన్సులిచ్చే సంస్థను ముందే అడగండి. తిరిగి వచ్చే తేదీ ఇద్దరూ ఒప్పుకున్నదై ఉండాలి. ఈలోగా క్లబ్బును మరో రెండు వారాల గడువు అడగమనండి. గోలీ కోచ్ కావాలనుకున్న క్లబ్బు ఆ మాత్రం ఆగగలదు. ఆగలేనంటే వాళ్ల తీరు ఎలాంటిదో మీకు ముందే తెలిసిపోతుంది.

మీ నాన్నగారికి దాపరికం వద్దు. "ఆపరేషన్ అయింది నాన్నా, కోలుకుంటున్నారు, గోలీలకు శిక్షణ ఇచ్చే పని చూసుకుంటున్నారు" అని చెప్పండి. ఐస్ హాకీ అంటే ఏమిటో తెలియని ఇంట్లో అది కొంత వివరించాల్సి ఉంటుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు, జట్టుకు ఇద్దరు గోలీల లెక్కన ఉన్నవి 64 స్థానాలని, మీ అల్లుడు రెండు రాత్రులైనా ఆ 64 మందిలో ఉన్నాడని చెప్పండి. అనహైమ్ డక్స్ అనే ఎన్‌హెచ్‌ఎల్ జట్టు గోలీలకు శిక్షణ ఇచ్చిన సుదర్శన్ మహరాజ్ ట్రినిడాడ్‌లోని భారతీయ మూలాల కుటుంబంలో పుట్టి, కెనడాలో పెరిగి, స్వీడన్‌లో ఆడి వచ్చారని కూడా చెప్పండి. పేరు వినగానే మీ నాన్నగారు మరో రెండు ప్రశ్నలు అడుగుతారు. ఆ ప్రశ్నలకు మీవారినే ఫోన్‌లో జవాబు చెప్పనివ్వండి, మీరు పక్కనే ఉండి తెలుగు చేయండి. ఆట గురించి ఆయన చాలా రోజుల తర్వాత నోరు విప్పడానికి అదొక సందు కావచ్చు.