లాటినో పెద్దలు డిమెన్షియా స్టడీకి రావట్లేదా? తొలి ఫోన్‌కాల్ దగ్గర మొదలెట్టండి

అమెరికాలోని శాన్ ఆంటోనియో క్లినిక్‌లో లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) పెద్దల్ని డిమెన్షియా (మతిమరుపు జబ్బు) స్టడీలో చేర్చుకోడానికి స్పానిష్ పోస్టర్లు అంటించినా స్పందన లేదని, వచ్చిన కొద్దిమందీ రెండో విజిట్‌కి రావట్లేదని రాశారు. పోస్టర్ మీది మాట చూడండి. ‘దెమెన్సియా’ అంటే చాలామందికి ‘పిచ్చి’ అనే అర్థం తోస్తుంది. ‘ప్రోబ్లెమాస్ దె మెమోరియా’ (జ్ఞాపకశక్తి సమస్యలు) అని మార్చండి, అయితే మార్చిన ప్రతి పోస్టర్‌కీ మళ్లీ ఐఆర్‌బీ (పరిశోధనల నైతికతను చూసే కమిటీ) ఆమోదం కావాలి.

రెండో విజిట్ దగ్గర నేనైతే ముందు అనుమానించేది స్టడీ పార్ట్‌నర్ (పెద్దాయన లేదా పెద్దావిడ గురించి వివరాలు చెప్పే దగ్గరి మనిషి) సమస్యనే. ఆ మనిషి తరచూ కూతురే, పగలు డ్యూటీలో ఉంటుంది. మంగళవారం ఉదయం 10కి రమ్మంటే ఎలా వస్తుందండీ? శనివారం స్లాట్ తెరవండి. పార్ట్‌నర్ ప్రశ్నలు ఫోన్‌లో అడగడానికి ప్రోటోకాల్ ఒప్పుకుంటుందేమో చూడండి. తొలి కాల్‌లోనే ఆమెనీ లైన్లోకి తీసుకోండి.

పారితోషికం ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికా ప్రభుత్వమిచ్చే గుర్తింపు సంఖ్య) గడి కనబడగానే కొన్ని కుటుంబాలు వెనక్కి తగ్గుతాయి. నంబరు లేనివాళ్లకు దారేమిటో అకౌంట్స్ వాళ్లని ముందే అడిగి పెట్టుకోండి. ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) నిధులున్న స్టడీ అయితే, పాల్గొన్నవాళ్ల వివరాలు బయటికి పోకుండా కాపాడే గోప్యతా సర్టిఫికెట్ 2017 నుంచి దానంతటదే వర్తిస్తుంది. కాగితం చేతికిచ్చి ఊరుకోకుండా ఆ సంగతి స్పానిష్‌లో నోటితో చెప్పండి.

స్టడీ పరీక్ష కోసం వెన్నునీరు (వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) తీస్తారంటే కాళ్లు పడిపోతాయని భయం. వెన్నుపాము ముగిసిన చోటికి కిందనే సూది దిగుతుందని బొమ్మ గీసి చూపండి. తర్వాత తలనొప్పి రావచ్చన్నది మాత్రం దాచొద్దు. మీ స్టడీలో అది తప్పనిసరి కాకపోతే, ఆ ముక్క తొలి కాల్‌లోనే చెప్పేయండి.