ఆటగాళ్లు వెళ్లిపోయాక రగ్బీ జట్టు ఎలా కోలుకుంటుంది?

పేరున్న ఆటగాళ్లు వెళ్లిపోతే ఓడుతున్న రగ్బీ జట్టు పని అయిపోయినట్టేనా అని అడిగారు. ఎంతమంది వెళ్లారన్నది కాదు, ఏ స్థానంవారు వెళ్లారన్నది చూడాలి. నల్గొండ దగ్గర మా ఊరి మట్టి కోర్టులో కబడ్డీ ఆడేవాళ్లం. రైడర్ వెళ్లిపోతే ఇంకొకరు దొరికేవారు. చేతులు పట్టుకుని గొలుసు కట్టే జంట విడిపోతే మాత్రం నెలల తరబడి పట్టు కుదిరేది కాదు. రగ్బీలో స్క్రమ్ అలాంటిదే: ఎనిమిది మంది ఒకరినొకరు పట్టుకుని, బంతి కోసం ఎదుటి జట్టు ఎనిమిది మందిని ఒక్క తోపుగా తోయాలి. ముందు వరుస ముగ్గురిలో ఒకరు మారినా తేడా తెలుస్తుంది.

ఇంగ్లండ్‌లోని లెస్టర్ టైగర్స్ రగ్బీ జట్టునే చూడండి. అక్కడి పెద్ద లీగ్ ప్రీమియర్‌షిప్‌లో వరుసగా రెండు సీజన్లు 12 జట్లలో 11వ స్థానం. 2020లో జీతాల కోతకు ఒప్పుకోక ఇంగ్లండ్ జాతీయ జట్టు ఆటగాడు మను తుయిలాగి సహా ఐదుగురు వెళ్లిపోయారు. అప్పుడే వచ్చిన కోచ్ స్టీవ్ బోర్త్‌విక్ ముందు స్క్రమ్, లైనౌట్ (గీత దాటిన బంతిని తిరిగి లోపలికి విసిరితే ఎగిరి అందుకోవడం), బంతిని తన్నే పద్ధతి చక్కదిద్దారు. ఫ్రెడ్డీ స్టీవార్డ్ వంటి సొంత అకాడమీ కుర్రాళ్లను నమ్మి ఆడించారు. మరుసటి సీజన్‌లో ఆరో స్థానం. 2022 ప్రీమియర్‌షిప్ ఫైనల్లో ఆఖరి నిమిషంలో ఫ్రెడ్డీ బర్న్స్ కొట్టిన డ్రాప్ గోల్‌తో (బంతిని నేలకు వదిలి, తాకగానే గోల్ స్తంభాల మధ్యకు తన్నడం) సారాసెన్స్ జట్టుపై 15-12తో గెలిచారు.