గడ్డి కోసే ట్రాక్టర్ మొరాయిస్తోందా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఎండలు మొదలయ్యేసరికి ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలు లాన్ చుట్టూనే తిరుగుతాయి. అమెరికాలో మనవాళ్లు చాలామంది అపార్ట్‌మెంట్ నుంచి టౌన్‌హోమ్‌కి, అక్కడి నుంచి అరెకరం, ఎకరం స్థలమున్న ఇళ్లకి మారారు. ఎకరం గడ్డి చేత్తో తోసే మోవర్‌తో అయ్యే పని కాదు కాబట్టి కూర్చుని నడిపే ట్రాక్టర్ కొంటున్నారు, కొందరికైతే పాత యజమాని వదిలేసి వెళ్లినది షెడ్డులోనే దొరుకుతోంది. అది ఆగిపోతే మెకానిక్ వచ్చి చూసినందుకే బోలెడు తీసుకుంటాడు, సీజన్‌లో అయితే ఎప్పుడొస్తాడో కూడా తెలియదు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే. అందరికీ కలిపి ముందుగా ఒక మాట: అనుమానం వచ్చిన ప్రతి పార్టూ కొని మార్చుకుంటూ పోకండి. పైసా ఖర్చు లేని పరీక్షలు ఉన్నాయి, ముందు అవి చేయండి.

ప్రశ్న: మేం కొన్న ఇంటి షెడ్డులో పాత క్రాఫ్ట్స్‌మన్ ట్రాక్టర్ ఉంది. మాన్యువల్ లేదు, బెల్టు తెగిపోయింది. షాపులో మోడల్ నంబర్ అడుగుతున్నారు. బానెట్ మీద ‘42 అంగుళాలు, 17.5 హెచ్.పీ.’ అని తప్ప ఏమీ లేదు. ఎలా కనుక్కోవాలి?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

బానెట్ మీద రాసింది నమ్ముకుని బెల్టు కొంటే నూటికి తొంభై పాళ్లు అది సరిపోదు. 42 అంగుళాల డెక్ (బ్లేడ్లను కప్పి ఉంచే కింది రేకు పెట్టె) ఉన్న మోడళ్లు లెక్కలేనన్ని, వాటి బెల్టుల పొడవు ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉంటుంది. సీటు పైకెత్తి చూడండి. సీటు కింద గానీ, వెనక ఫెండర్ దగ్గర గానీ ఒక స్టిక్కర్ ఉంటుంది. దుమ్ము, గ్రీజు పట్టి కనిపించకపోతే తడిగుడ్డతో మెల్లగా తుడవండి, గీకితే అంకెలు పోతాయి. అక్కడ మూడంకెలు, ఒక చుక్క, ఆ తర్వాత ఇంకొన్ని అంకెలు ఉంటాయి. అసలు కథంతా ఆ మొదటి మూడంకెల్లోనే ఉంది. క్రాఫ్ట్స్‌మన్ అనేది 2017 దాకా సియర్స్ వాళ్ల బ్రాండు, ట్రాక్టర్లు తయారు చేసింది మాత్రం వేరేవాళ్లు. 917 అని ఉంటే అది ఎక్కువగా ఎలక్ట్రోలక్స్, తర్వాత హస్క్‌వార్నా వాళ్ల ఫ్యాక్టరీది, అంటే హస్క్‌వార్నా, పౌలన్ ప్రో పార్టులు చాలావరకు దానికి సరిపోతాయి. 247 అని ఉంటే ఎంటీడీ వాళ్లది, ట్రాయ్-బిల్ట్, యార్డ్ మెషీన్స్ దాని చుట్టాలు. ఈ సంగతి తెలిస్తే ఒకే పార్టు వేరే పేరు మీద తక్కువ ధరకు దొరుకుతుంది.

ఇంజన్‌ది వేరే నంబరు, దీన్ని చాలామంది పట్టించుకోరు. బెల్టు, బ్లేడు, పుల్లీ కొనడానికి ట్రాక్టర్ నంబరు, ఫిల్టరు, గ్యాస్కెట్, కార్బురేటర్ కొనడానికి ఇంజన్ నంబరు కావాలి. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజన్ అయితే పైనున్న రేకు కవరు మీదో, వాల్వ్ కవరు మీదో మోడల్, టైప్, కోడ్ అని మూడు నంబర్లు గుద్ది ఉంటాయి. పక్కనుంచి టార్చి వేస్తే నీడపడి అంకెలు తేలతాయి. కోడ్‌లో మొదటి రెండు అంకెలు సంవత్సరం, తర్వాతివి నెల, రోజు. 080412తో మొదలైతే ఆ ఇంజన్ 2008 ఏప్రిల్ 12న తయారైంది. మోడల్ నంబరులో మొదటి రెండంకెలు ఇంజన్ సైజు, క్యూబిక్ అంగుళాల్లో. 31 అంటే సుమారు 500 సీసీ, ఆ 17.5 హెచ్.పీ. ఇంజన్లు చాలావరకు ఇవే. రెండు నంబర్లనీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ప్రశ్న: తాళం తిప్పితే క్లిక్ మంటుంది, ఒక్కోసారి ఇంజన్ సగం తిరిగి బిగుసుకుపోయినట్టు ఆగిపోతుంది. బ్యాటరీ కొత్తది వేశాను. ఇప్పుడు స్టార్టర్ మోటారు మార్చమంటున్నారు. మార్చమంటారా?
— ఒక పాఠకుడు, కమ్మింగ్, జార్జియా

ఇప్పుడే మార్చకండి. మీరు చెప్పిన ‘సగం తిరిగి ఆగిపోవడం’ అన్న మాటలోనే సగం జవాబు ఉంది.

ముందు మల్టీమీటర్‌తో బ్యాటరీ చూడండి. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. కొత్త బ్యాటరీ కూడా షాపులో నెలల తరబడి ఉంటే దిగిపోతుంది. అది బాగానే ఉంటే నల్ల వైరును బ్యాటరీ నుంచి అవతలి కొసదాకా చూసుకుంటూ వెళ్లండి, ఫ్రేముకి బిగించిన బోల్టు కనిపిస్తుంది. తుప్పు ఎక్కువగా ఉండేది అక్కడే. ముందు బ్యాటరీ దగ్గర నల్ల వైరు తీసేసి, ఆ బోల్టు విప్పి ఇసుక కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించండి. ఎర్ర వైరు సొలినాయిడ్ (స్టార్టర్‌కి కరెంటు వదిలే స్విచ్) దగ్గర కలిసే చోటా ఇదే పని. ఇన్ని చేసినా సగంలోనే ఆగిపోతుంటే అప్పుడు వాల్వులు చూడాలి.

పెద్ద సింగిల్ సిలిండర్ ఇంజన్‌లో పిస్టన్ గాలిని నొక్కుతూ పైకి వెళ్లేటప్పుడు చాలా బలం కావాలి. ఆ చిన్న స్టార్టర్ మోటారుకి అంత బలం ఉండదు కాబట్టి, స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక వాల్వును కొద్దిగా ఎత్తి ఒత్తిడిని వదిలేసే ఏర్పాటు లోపల క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిపించే కడ్డీ) మీద ఉంటుంది. ఆ ఎత్తు చాలా కొంచెమే. వాడగా వాడగా వాల్వుకీ, దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు పెరిగితే ఆ కాస్త ఎత్తు వాల్వుదాకా చేరదు, ఒత్తిడి పోదు, మోటారు మధ్యలో నిలబడిపోతుంది. అది చూసి స్టార్టర్ పోయిందనుకుంటారు.

సరిచేయడానికి చల్లారిన ఇంజన్, ఒక పానా, టార్క్స్ బిట్ (నక్షత్రం ఆకారపు కొన ఉన్నది), ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట) చాలు. స్పార్క్ ప్లగ్ తీయండి, వాల్వ్ కవరు విప్పండి. ప్లగ్ రంధ్రంలో ప్లాస్టిక్ స్ట్రా పెట్టి, పైనున్న జాలీని చేత్తో గడియారం ముల్లు తిరిగే దిక్కున తిప్పండి. రెండు వాల్వులూ మూసుకుని ఉండగా స్ట్రా పూర్తిగా పైకి లేచే చోటు దొరుకుతుంది. అక్కడి నుంచి ఇంకాస్త తిప్పితే స్ట్రా పావు అంగుళం కిందికి దిగుతుంది, అక్కడ ఆపండి. ఇప్పుడు గేజ్ రేకు పెట్టి చూడండి. 31తో మొదలయ్యే బ్రిగ్స్ సింగిల్ సిలిండర్ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్‌కి గాలి వచ్చే వాల్వ్ సందు 0.003 నుంచి 0.005 అంగుళం, పొగ పోయే వాల్వ్ సందు 0.005 నుంచి 0.007. రేకు కొంచెం పట్టుకుని జారితే సరిగ్గా ఉన్నట్టు. లేకపోతే రాకర్ నట్టుకున్న లాక్ స్క్రూ వదులు చేసి, నట్టు తిప్పి సరిచేయండి. ఆ స్క్రూ బిగించేటప్పుడు సందు మారుతుంది కాబట్టి బిగించాక మళ్లీ చూడాలి. వేరే ఇంజన్ అయితే దాని మాన్యువల్‌లో అంకెలు చూడండి.

ఒక్కటి మాత్రం చేయకండి. సొలినాయిడ్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి స్టార్ట్ చేసే వీడియోలు బోలెడున్నాయి. అలా చేస్తే బ్రేకు స్విచ్, బ్లేడ్ స్విచ్ ఏవీ పనిచేయవు, గేర్‌లో ఉంటే ట్రాక్టర్ నేరుగా మీ మీదికే వస్తుంది.

ప్రశ్న: చలికాలమంతా షెడ్డులో ఉంది. ఇప్పుడు చోక్ లాగితేనే నడుస్తోంది, చోక్ తీస్తే ఊగిసలాడుతూ ఆగిపోతోంది. పైగా ఆయిల్ గీత దాటి పైకి వచ్చింది. నేను ఆయిల్ పోయలేదు!
— ఒక పాఠకురాలు, మిషిగన్

దయచేసి ఇక స్టార్ట్ చేయకండి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే, పోయకుండానే ఆయిల్ ఎందుకు పెరిగిందో తెలిసిపోయినట్టే. కార్బురేటర్‌లో పెట్రోల్‌ని ఆపే సూది సరిగ్గా మూసుకోకపోతే ట్యాంకులోది రాత్రంతా మెల్లగా ఇంజన్‌లోకి దిగుతుంది. పలచబడ్డ ఆయిల్‌తో నడిపితే బేరింగులు అరిగి ఇంజనే పోతుంది. ఆయిల్, ఫిల్టర్ మార్చాలి, అంతకంటే ముందు కార్బురేటర్ సంగతి చూడాలి, లేకపోతే కొత్త ఆయిల్‌కీ ఇదే గతి.

ఊగిసలాటకి కారణం నిలవ పెట్రోల్. ఇథనాల్ కలిసిన పెట్రోల్ నెల దాటితే పాడవడం మొదలవుతుంది, దాని జిగురు కార్బురేటర్‌లో వెంట్రుకంత సన్నగా ఉండే పైలట్ జెట్‌లో పేరుకుంటుంది. ఇంజన్‌కి చాలినంత పెట్రోల్ అందదు, చోక్ లాగితే గాలి తగ్గుతుంది కాబట్టి నడుస్తుంది. పాత పెట్రోల్ మొత్తం తీసేయండి. కార్బురేటర్ కింద గిన్నె విప్పి, జెట్లు తీసి, కార్బురేటర్ క్లీనర్ కొట్టి వెలుతురుకి పెట్టి చూడండి, రంధ్రం గుండ్రంగా కనిపించాలి. ఇనుప తీగ పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే జెట్ పనికిరాదు. గిన్నెలోని సూది కొనా, అది కూర్చునే చోటా కూడా అప్పుడే చూడండి.

వచ్చే నవంబర్‌లో చివరిసారి కోశాక తాజా పెట్రోల్‌లో, అది పాడవకుండా ఆపే స్టెబిలైజర్ కలిపి పది నిమిషాలు నడపండి, ట్యాంకు కింద కవాటం ఉంటే మూసేయండి, లేకపోతే ఒకటి కొని పెట్టించండి, పెద్ద ఖర్చు కాదు. బ్యాటరీ లోపలికి తెచ్చుకోండి. 15 శాతం ఇథనాల్ పెట్రోల్ వీటికి పనికిరాదు, 10 శాతం వరకే. ఇంకో సంగతి, చలికాలంలో ఇంజన్ కవరు కింద ఎలుకలు గూడు కడతాయి. గాలితో చల్లబడే ఇంజన్ అది, గూడు అడ్డం పడితే వేడెక్కి పోతుంది. ఏడాదికోసారి ఆ కవరు విప్పి చూడండి.

ప్రశ్న: సీటు మీంచి కాస్త లేచినా, బ్లేడ్లు తిరుగుతుండగా రివర్స్ వేసినా ఇంజన్ ఆగిపోతోంది. స్విచ్ వైర్లు కలిపేస్తే సరిపోతుందని పక్కింటాయన అన్నారు.
— ఒక పాఠకుడు, టెక్సస్

అది బండిలో లోపం కాదు, మనిషి సీటు మీంచి లేస్తే సీటు కింది స్విచ్ ఇంజన్ ఆపేసేలా ఆ బండిని చేశారు. కలిపేయకండి. వెనక్కి వెళ్తూ కోయక తప్పకపోతే చాలా మోడళ్లలో దానికి ప్రత్యేకంగా బటనో, తాళంలో ఒక స్థానమో ఉంటుంది. సీటులో కదలకుండా కూర్చున్నా గతుకుల్లో ఆగిపోతుంటే మాత్రం సీటు కింద ఆ స్విచ్ ప్లగ్ వదులైందేమో చూడండి.

ప్రశ్న: మా నాన్నగారు గుంటూరు నుంచి ఆరు నెలలకి వచ్చారు. ఊళ్లో ట్రాక్టర్ నడిపిన చెయ్యి, ఇక్కడ గడ్డి కోయడం ఆయనకి భలే సరదా. నాలుగేళ్ల మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని కోస్తున్నారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటున్నారు. బ్లేడ్లు కిందెక్కడో ఉంటాయి కదా, ఫరవాలేదా?
— ఒక పాఠకురాలు, టెక్సస్

లేదమ్మా, ఈ రోజే ఆపించండి. బ్లేడ్ కొన గంటకు దాదాపు 200 మైళ్ల వేగంతో తిరుగుతుంది. పై ప్రశ్నలో చెప్పిన సీటు స్విచ్ బరువుని బట్టి పనిచేస్తుంది. గతుకులో బాబు ఒళ్లోంచి జారిపడ్డా తాతగారు సీటులోనే ఉంటారు, కాబట్టి ఇంజన్ ఆగదు, బ్లేడ్లు ఆగవు. ఆయనకి ఎంత అనుభవమున్నా ఆ క్షణంలో చేయగలిగింది ఉండదు. ఈ మాట ఆయనకి సీటు లేపి, స్విచ్ చూపించి చెప్పండి. యంత్రాలు తెలిసిన మనిషికి వెంటనే అర్థమవుతుంది.

రైడింగ్ మోవర్ మీద పిల్లల్ని ఎక్కించుకోకూడదనీ, 16 ఏళ్లు నిండనివాళ్లు దాన్ని నడపకూడదనీ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచన. కోసేటప్పుడు బాబు ఇంట్లో ఉండాలి, ఎందుకంటే ఒకసారి తాత ఒళ్లో ఎక్కిన పిల్లాడు ఆ చప్పుడు వినగానే మళ్లీ ఎక్కుదామని వెనక నుంచి పరుగెత్తుకొస్తాడు, రివర్స్‌లో ఉంటే ఆయనకి కనిపించడు. నాన్నగారికి లుంగీ, చెప్పులు కాకుండా ప్యాంటు, బూట్లు, కళ్లద్దాలు. ఏటవాలు ఉంటే అడ్డంగా కాకుండా పైకీ కిందికీ కోయాలి, 15 డిగ్రీలు దాటిన చోటికి అసలు వెళ్లకూడదు. తాతా మనవళ్ల సరదాకి కోత అయిపోయాక ట్రాక్టర్‌ని నిలబెట్టి, తాళం తీసేసి, బండి చల్లారాక ఇద్దరూ కలిసి కడగొచ్చు.

ప్రశ్న: ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు పొట్టిగా కోస్తోంది. బ్లేడ్లు కొత్తవే.
— ఒక పాఠకుడు, ఒహాయో

ముందు టైర్లలో గాలి చూడండి. రెండువైపులా సమానంగా లేకపోతే డెక్ ఎంత సరిచేసినా లాభం లేదు. తర్వాత సమతలంగా ఉన్న గరాజ్‌లో పెట్టి, తాళమూ స్పార్క్ ప్లగ్ వైరూ తీసేసి, బ్లేడ్ కొన నుంచి నేలకి కొలవండి. కుడి ఎడమలు సమానంగా ఉండాలి, ముందు కొన వెనక కంటే అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి పావు వంతు దాకా కిందికి ఉండాలి. బ్లేడు పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, కదిలితే స్పిండిల్ (బ్లేడు తిరిగే ఇరుసు) బేరింగ్ పోయినట్టే. కోసేటప్పుడు ఇంజన్ పూర్తి వేగంలో ఉండాలి, పెట్రోల్ మిగులుతుందని సగం వేగంలో నడిపితే బ్లేడ్లు గడ్డిని కోయకుండా పీకుతాయి. డెక్ కింద పేరుకున్న గడ్డి గీకేయండి, తడి గడ్డి జోలికి వెళ్లకండి.

ప్రశ్న: ఇంజన్ బ్రహ్మాండంగా నడుస్తోంది, పెడల్ తొక్కితే మాత్రం బండి కదలదు. హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ (ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిప్పే భాగం) పోయిందా?
— ఒక పాఠకుడు, నార్త్ కరొలైనా

బండి వెనక, కింది భాగంలో చిన్న కడ్డీ ఉంటుంది, ఇంజన్ ఆపి చేత్తో తోసుకోవడానికి దాన్ని లాగుతారు. ట్రాన్స్‌మిషన్‌ని విడదీసేది అదే. ఈమధ్య ట్రాక్టర్‌ని ఎక్కడికైనా తోసి ఉంటే అది బయటే ఉండిపోయి ఉంటుంది, లోపలికి నెట్టి చూడండి. అది సరిగ్గానే ఉంటే డ్రైవ్ బెల్టు పుల్లీ మీద ఉందో, జారిపోయిందో చూడండి. ఈ రెండూ బాగుండి, చల్లగా ఉన్నప్పుడు కదిలి, అరగంట కోశాక ఎత్తు ఎక్కలేకపోతేనే ట్రాన్స్‌మిషన్ అరిగిందని అనుమానించాలి. అప్పుడు షాపుకి తీసుకెళ్లండి.